తేనెటీగల వసంతకాల యాజమాన్యం – తడ ప్రాంతం

పూలు విరివిగా పూసే నెలల్లో తేనెటీగల కుటుంబాన్ని బలపరచుకోవటం, ఆ నెలల్లోనే వాతావరణం ఎదురుతిరిగితే ఈగలు పస్తుండి చావకుండా, పెట్టె వదిలి లేచిపోకుండా కాపాడుకోవటం – ఈ రెండూ కలిసినదే వసంతకాల యాజమాన్యం. చలిదేశాల్లో ఈ పని మంచు కరగటంతో మొదలవుతుంది. తడలో కరగటానికి మంచుగడ్డే లేదు. ఇక్కడ ఈగల వసంతం ఈశాన్య రుతుపవనాల వాన వెనకబట్టిన నాటినుంచి ఎండలు ముదిరేదాకా, అంటే సంక్రాంతి దాటిన దగ్గర్నుంచి ఏప్రిల్ నెలాఖరు దాకా నడుస్తుంది. పంచాంగంలో వసంత రుతువు చైత్రంతో మొదలవుతుంది గాని, ఈగల లెక్కలో అప్పటికి సగం పని అయిపోయి ఉంటుంది.

తేనెటీగల మీద వచ్చిన పుస్తకాల్లో ఎక్కువభాగం ఐరోపా, అమెరికా అనుభవంతో రాసినవి. అక్కడ వసంతంలో భయపడవలసింది చలికి. ఇక్కడ తేమకు, గాలికి, తొందరపడి వచ్చే ఎండకు. ఈ తేడా చూడకుండా ఆ సలహాలను ఉన్నవి ఉన్నట్టు దించుకుంటే మేలుకంటే కీడే ఎక్కువ.

నేల, పూత

తడ ఆంధ్రప్రదేశ్‌కు దక్షిణపు కొసన, చెన్నై–కోల్‌కతా జాతీయ రహదారి మీద ఉన్న మండల కేంద్రం. 2022 ఏప్రిల్ 4 దాకా నెల్లూరు జిల్లాలో ఉండేది, ఆ రోజునుంచి తిరుపతి జిల్లాలోకి వచ్చింది. తూర్పున పులికాట్ సరస్సు, దాని ఆవల శ్రీహరికోట దీవి. పడమట వరదయ్యపాలెం, సత్యవేడు, వాటి వెనక ఉబ్బలమడుగు జలపాతం దూకే కొండలు. సరస్సు గట్టునుంచి కొండ మొదలు దాకా దూరం పెద్దది కాదు. అయినా ఆ కాస్త దూరంలోనే ఉప్పునేల, ఇసుకదిబ్బలు, చెరువు కింద వరి, మామిడి తోటలు, జామాయిల్ తోటలు, పొద అడవి, కొండ అడవి అన్నీ ఉన్నాయి. 2008 నుంచి శ్రీసిటీ పారిశ్రామిక వాడ కూడా వీటి మధ్యే పెరిగింది.

ఏడాది వానలో సగానికి పైగా అక్టోబరు, నవంబరు, డిసెంబరు నెలల్లోనే కురుస్తుంది. ఆ తడి ఆరుతుండగా చెట్లు వరసగా పూతకొస్తాయి. ఈ వరస తెలియటం పెంపకందారుకు పంచాంగం తెలిసినంత అవసరం. ముందు మామిడి. డిసెంబరు చివర పూత మొదలై ఫిబ్రవరి దాకా సాగుతుంది. దాని వెంటనే ఇసుకనేలల్లో జీడిమామిడి. సరస్సు చుట్టూ, రోడ్ల పక్కన, బీడుల్లో ఎవరూ నాటకుండానే కమ్ముకున్న సర్కారు తుమ్మ ఈ నెలల్లో మకరందమూ పుప్పొడీ రెండూ ఇస్తుంది. సర్కారు తుమ్మను తిట్టనివాడు ఈ తీరంలో లేడు. తేనెటీగలు పెంచేవాడు మాత్రం కాస్త గొంతు తగ్గించి తిడతాడు. ఆ తర్వాత రబీ నువ్వు చేలు, పుచ్చ, దోస పాదులు, తాటిచెట్టు గెలలు. ఉగాది ముందునుంచి వేప, దాని వెంట నేరేడు, ఏప్రిల్‌లో కానుగ. చింత పూసేసరికి మే వచ్చేస్తుంది. కొబ్బరి మాత్రం ఏడాది పొడుగునా కొద్దికొద్దిగా పుప్పొడి ఇస్తూ, ఏ పూతా లేని రోజుల్లో ఈగలను ఆదుకుంటుంది. గట్ల మీద కనిపించే సరుగుడు తోటల నుంచి మకరందం రాదు. వాటి పుప్పొడి గాలికి పోయేదే. సరుగుడు చూసి పెట్టెలు దింపినవాడు మోసపోయినట్టే.

తేనె కొట్టేవాళ్ల నుంచి పెట్టెల దాకా

ఈ ప్రాంతంలో తేనె సంగతి ఎత్తితే ముందు యానాదుల పేరు చెప్పాలి. శ్రీహరికోట అడవిలో ఉండిన యానాదులు తేనె, చిరివేరు లాంటి అడవి సరుకు ఇచ్చి ధాన్యం తెచ్చుకునేవారు. దక్షిణ భారత కులాలు, తెగల మీద 1909లో వెలువడిన థర్‌స్టన్ సంపుటాల్లో వారి గురించి విస్తారంగా ఉంది. 1971 అక్టోబరు 9న శ్రీహరికోట నుంచి మొదటి రోహిణి రాకెట్ లేచేనాటికి దీవిలో జనజీవనం మారిపోసాగింది. అంతరిక్ష కేంద్రం కోసం యానాది కుటుంబాలు దీవి వదలవలసి వచ్చింది. నీటి గుంట దగ్గర దాహం తీర్చుకొని లేచిన ఈగ ఏ దిక్కుకు పోతుందో చూసి తుట్టె ఆచూకీ తీయటం తేనె కొట్టేవాళ్ల పాత విద్య. పెట్టెల పెంపకానికి వచ్చినవారికి కూడా ఇంతకంటే మంచి మొదటి పాఠం లేదు. తన పెట్టె ఈగలు ఏ దిక్కుకు పోతున్నాయో చూసినవాడికి ఆ వారం ఏ పూత నడుస్తోందో ఒకరు చెప్పనక్కర్లేదు.

ఇక్కడ కనిపించే తేనెటీగల్లో కొండ తేనెటీగ (ఎపిస్ డార్సాటా) పెద్ద చెట్ల మీద, కొండ చరియలకు, ఇప్పుడు ఎత్తైన నీళ్ల ట్యాంకులకు కూడా ఒంటి తుట్టె కడుతుంది. పెట్టెలో ఉండదు. విసనకర్ర తేనెటీగ (ఎపిస్ ఫ్లోరియా) పొదల్లో అరచేయంత తుట్టె పెడుతుంది. అదీ పెట్టెకు రాదు. పెట్టెలో పెంచేవి రెండే. చెట్టు తొర్రలో, పాముపుట్టలో, గోడ సందులో వరసగా పట్లు కట్టే పుట్ట తేనెటీగ (ఎపిస్ సెరానా ఇండికా) ఒకటి, బయటినుంచి తెచ్చిన ఐరోపా తేనెటీగ (ఎపిస్ మెల్లిఫెరా) ఇంకొకటి.

పుట్ట తేనెటీగకు తగిన చిన్న పెట్టెను 1911–1917 మధ్య తిరుచిరాపల్లిలో ఫాదర్ న్యూటన్ అనే జెసూట్ ప్రచారంలోకి తెచ్చారు. దక్షిణాదిలో నేటికీ దాన్ని న్యూటన్ పెట్టె అనే అంటారు. కింద పిల్లల పెట్టె, పైన తేనె పెట్టె, మధ్యలో తీసి పెట్టుకునే చట్రాలు. ఐరోపా ఈగ మన దేశంలో నిలదొక్కుకున్నది 1962లో, హిమాచల్‌లోని నగ్రోటా బగ్వాన్‌లో. అదే ఏడు ఖాదీ కమిషన్ పుణెలో కేంద్ర తేనెటీగల పరిశోధన, శిక్షణ సంస్థను నెలకొల్పింది. 1991–92లో థాయ్ శాక్‌బ్రూడ్ అనే వైరస్ తెగులు కేరళ, తమిళనాడు, కర్ణాటకల్లో పుట్ట తేనెటీగల పెట్టెలను ఊడ్చేసింది. ఆ దెబ్బతో చాలామంది ఐరోపా ఈగవైపు మళ్లారు.

తేనె దిగుబడిలో రెంటికీ పోలిక లేదు. పుట్ట తేనెటీగ పెట్టె ఏడాదికి 6–8 కిలోలు ఇస్తే గొప్ప. ఐరోపా ఈగ మంచి పూత ఉన్నచోట 25 కిలోలు దాటుతుంది. అయితే అది ఒక్కచోట కూర్చుని ఇచ్చేది కాదు. పూత వెంట లారీలో ఊరూరా తిప్పితేనే ఇస్తుంది. ఇంటి దొడ్లో అయిదో పదో పెట్టెలు పెట్టుకునే తడ రైతుకు, ఎప్పుడు ఏమవుతుందో తెలియని ఇక్కడి వసంతానికి, పుట్ట తేనెటీగే సరిపడుతుంది. తక్కువ తింటుంది, పొద్దున్నే ఇంకా చల్లగా ఉండగానే మేతకు లేస్తుంది. దానికి ఉన్న ఒకే పెద్ద దుర్గుణం, అలిగితే లేచిపోవటం.

నిండిన పెట్టె ఆకలి

వసంతంలో ఈగలు ఎందుకు చస్తాయో అర్థం కావాలంటే రోజులు లెక్కపెట్టాలి. పుట్ట తేనెటీగ గుడ్డు మూడు రోజులకు పురుగవుతుంది. అయిదారు రోజులు తిని, పైన మైనపు మూత పడ్డాక లోపల ఈగగా మారుతుంది. మొత్తం దాదాపు 20 రోజులు. బయటికి వచ్చిన కూలి ఈగ వెంటనే పూల మీదికి పోదు. మొదటి రెండు మూడు వారాలు గదులు తుడవటం, పిల్లలకు పాలివ్వటం, మైనం తీయటం, గుమ్మం కాయటం చేసి, ఆ తర్వాతే మేతకు పోతుంది. అంటే గుడ్డు పెట్టిన నాటికీ పూల మీద వాలే నాటికీ మధ్య సుమారు 40 రోజులు. ఉగాది నాడు వేపపూత మీద వాలే ఈగ, మాఘ పౌర్ణమి వెళ్లిన నాలుగైదు రోజులకు రాణి పెట్టిన గుడ్డు. మాఘంలో రాణి గుడ్లు తగ్గిస్తే ఆ నష్టం మాఘంలో కంటికి కనపడదు. ఉగాదికి చెట్టంతా విరగబూసి ఉంటుంది, పెట్టెలో మేతకు పోయే ఈగ ఉండదు.

రెండో లెక్క దీనికంటే కఠినం. పెంపకందారుల ఉజ్జాయింపు ప్రకారం ఒక పిల్ల ఈగ కావటానికి ఇంచుమించు ఒక గది తేనె, ఒక గది పుప్పొడి ఖర్చవుతాయి. మామిడి పూతతో రాణి జోరందుకుంటుంది. రోజుకు వందల గుడ్లు. ఫిబ్రవరి మధ్యకు పెట్టె తెరిస్తే చట్రానికి చట్రం పిల్లలే. చూసినవాడికి కడుపు నిండుతుంది. కాని సరిగ్గా అప్పుడే ఆ పెట్టెలో నిల్వ అతి తక్కువ. వచ్చిన తేనె వచ్చినట్టే పిల్లలకు పోతుంది. మేతకు పోయే ముసలి ఈగలు కొన్ని, కూర్చుని తినే పిల్లలు ఎన్నో. ఆ స్థితిలో మూడు నాలుగు రోజులు ఈగ గడప దాటలేకపోతే, బలహీనంగా ఉన్న పక్క పెట్టె బతుకుతుంది, నిండుగా ఉన్న పెట్టె పస్తుంటుంది. కొత్తగా పెంపకంలోకి వచ్చినవారు నమ్మలేని సంగతి ఇదే. తమ కొట్టంలో అన్నిటికంటే మంచి పెట్టే అన్నిటికంటే ముందు పోతే అర్థంకాక రోగమేదో వచ్చిందనుకుంటారు.

వాతావరణం తిరగబడే తీరు

వసంతం ఎలా ఉండబోతుందో కొంతవరకు డిసెంబరే చెబుతుంది. 2023 డిసెంబరు 5న బాపట్ల దగ్గర తీరం దాటిన మిచౌంగ్ తుపాను, దాటే ముందు తిరుపతి, నెల్లూరు జిల్లాల తీరాన్ని తడిపి ముద్ద చేసింది. అలాంటి ఏడాది పెట్టెలు సంక్రాంతికి బలం లేకుండా, తేమతో బూజుపట్టిన పట్లతో చేరతాయి. పూత వేళకు వచ్చినా అందుకునే ఈగ ఉండదు.

జనవరి, ఫిబ్రవరి నెలల్లో పులికాట్ గట్టున తెల్లవారుజామున దట్టంగా మంచు పడుతుంది. పొద్దు బాగా ఎక్కేదాకా పూలు తడిగానే ఉంటాయి, పెట్టె గుమ్మం ముందు ఈగల రాకపోకలు ఆలస్యమవుతాయి. మామిడి పూతకు ఈ మంచు ఇంకో చేటు తెస్తుంది, దాని మాట తర్వాత. శివరాత్రికి చలి పోతుందంటారు. చలి పోయినా ముసురు పోదు. బంగాళాఖాతంలో ఆవర్తనం ఏదైనా ఏర్పడితే రెండు మూడు రోజులు సన్నటి వాన పడుతుంది. వాన కొద్దిపాటిదే కావచ్చు. కాని పూలలోని మకరందం పలచబడుతుంది, కారిపోతుంది. వేపపూత అయితే రాలిపోయి చెట్టు కింద తెల్లగా పరుచుకుంటుంది. కేరళ, కన్యాకుమారి ప్రాంతాల్లో రబ్బరు చిగుళ్లమీది తేనెను నమ్ముకున్నవారికి కూడా ఇదే బాధ. చిగురు వేళ వాన పడితే ఆ ఏడు తేనె అంతే.

ఈ మధ్య కాలం మరీ గతి తప్పింది. 2022 మార్చి మొదటి వారంలో బంగాళాఖాతంలో తీవ్ర వాయుగుండం ఏర్పడి తమిళనాడు తీరం వైపు వచ్చి బలహీనపడింది. మార్చిలో అది చాలా అరుదు. అదే మార్చి, దేశం మొత్తం సగటు గరిష్ఠ ఉష్ణోగ్రత లెక్కన, 1901 నుంచి ఉన్న రికార్డుల్లో అన్నిటికంటే వేడి మార్చి. మరుసటి ఏడు ఫిబ్రవరి కూడా వేడిలో రికార్డు కొట్టింది, ఆ వెంటనే మార్చి మధ్యలో తెలుగు రాష్ట్రాల్లో చాలాచోట్ల అకాల వర్షాలు, కొన్నిచోట్ల వడగళ్లు. ఒకే నెలలో పందిరీ కావాలి, గొడుగూ కావాలి.

గాలి సంగతి పుస్తకాల్లో తక్కువగా ఉంటుంది గాని తడలో ఎక్కువగా పట్టించుకోవాలి. పెట్టె గుమ్మం తూర్పుకు పెట్టమని అన్ని పుస్తకాలూ చెబుతాయి. పొద్దుటి ఎండ గుమ్మం మీద పడితే ఈగ త్వరగా లేస్తుంది, నిజమే. కాని ఇక్కడ మధ్యాహ్నం నుంచి సముద్రపు గాలి కొట్టేదీ అటునుంచే. బరువుతో తిరిగి వచ్చే ఈగను గాలి గుమ్మం ముందే పడగొడుతుంది. తూర్పుముఖం పెట్టి, పెట్టెకు నాలుగైదు గజాల ముందు తడికో, సరుగుడు వరసో, కంచె మొక్కలో ఉండేలా చూసుకోవటం మధ్యేమార్గం. తేనె ఇవ్వని సరుగుడుకు ఇక్కడ ఒక ఉపయోగం దొరికింది.

ముసురు వెలిసిన నాడు

మూడు రోజులు ముసురు పట్టి నాలుగో పొద్దున తెరిపిచ్చిందనుకోండి. ఆ రోజు పెట్టె దగ్గరికి పోయినవారు ముందు చూడవలసింది గుమ్మం ముందున్న పలక. దాని మీద, కింద నేల మీద తెల్లగా, మెత్తగా, కాళ్లూ కళ్లూ ఏర్పడుతూ ఉన్న పిల్లలు పడి ఉంటే లోపల తిండి అయిపోయిందని అర్థం. ఈగలు తమ పిల్లలనే పీకి పారేస్తున్నాయి. పోతుటీగలను, అంటే మగ ఈగలను, రెక్క పట్టి బయటికి లాగటం కూడా అదే గుర్తు. రెండోది, పెట్టె వెనక అడుగున చెయ్యి పెట్టి అంగుళమంత ఎత్తి చూడటం. రోజూ ఎత్తే చేతికి బరువు తెలుస్తుంది. ఉత్త చెక్క బరువే ఉంటే ఇక ఆలోచించే పని లేదు. శ్రీహరికోటలో డాప్లర్ రాడార్ ఉంది, మేఘం ఎక్కడుందో అది చెబుతుంది. పెట్టెలో తేనె ఎంతుందో చెప్పేది ఈ చెయ్యే.

ఎండ కాస్త ఎక్కాక కొబ్బరి పీచు పొగ రెండు మూడు ఊపులు వేసి, మధ్య చట్రం ఒకటి మాత్రం తీసి వెలుతురుకు అడ్డంగా పట్టుకోవాలి. కడుపు నిండిన కుటుంబంలో చిన్న పురుగు ప్రతిదీ తెల్లటి పాలలో తేలుతూ మెరుస్తుంది. పస్తున్న కుటుంబంలో పురుగు గది అడుగున పొడిగా అతుక్కుని ఉంటుంది. పిల్లల చుట్టూ విల్లులా ఉండవలసిన పుప్పొడి వరస పలచబడి, పై అంచున తేనె గదులు ఖాళీగా నోళ్లు తెరుచుకుని ఉంటాయి. చూడవలసింది ఇంతే. ఒక నిమిషం కంటే ఎక్కువసేపు తెరిచి ఉంచరాదు. పిల్లల మధ్య వేడి 33–36 డిగ్రీల మధ్య నిలపటానికి ఆ ఈగలు ఇంతసేపూ కష్టపడి ఉంటాయి. చల్లటి గాలిలో పెట్టె తెరిచి ప్రతి చట్రమూ తీసి చూడటం మంచి పెంపకం కాదు, కుతూహలం.

ఆ సాయంత్రమే పానకం ఇవ్వాలి. కిలో చక్కెరకు లీటరు నీళ్లు, కాచి చల్లార్చి, పెట్టెకు గ్లాసుడు చొప్పున. కొబ్బరి చిప్పలో పోసి పైన గడ్డి పరకలు వేస్తే ఈగ మునిగిపోకుండా వాలి తాగుతుంది. అన్ని పెట్టెలకూ ఒకేసారి, పొద్దు గూకాక ఇవ్వాలి, చుక్క కూడా కింద పడకూడదు. పగలు ఇస్తే వాసనకు పక్క పెట్టెల ఈగలు దోపిడీకి దిగుతాయి. ఒకసారి దోపిడీ మొదలైతే ఆపటం ఎవరి తరమూ కాదు. బెల్లం పానకం వద్దు. బెల్లంలోని మురికికి ఈగలకు విరేచనాలు పట్టుకుంటాయి. బయటికి పోలేని ముసురు రోజుల్లో అది పెట్టెనే పాడుచేస్తుంది. ముసురు వస్తుందని ముందే తెలిస్తే పానకం చిక్కగా, రెండు పాళ్ల చక్కెరకు ఒక పాలు నీళ్లతో, ముసురుకు ముందే ఇచ్చుకోవటం మేలు. పూత మళ్లీ అందుకోగానే పానకం ఆపేయాలి. ఆపకపోతే తేనె పెట్టెలోకి చేరేది చక్కెరే, దాన్ని తేనె పేరుతో అమ్మటం మోసమే.

అదే రోజు పెట్టె కాళ్ల కింద నీటి గిన్నెలు కూడా చూడాలి. చీమలు రాకుండా పెట్టిన ఆ గిన్నెల్లో వానకు ఆకు ఒకటి పడి ఒడ్డుకు ఆనితే చాలు, చీమకు వంతెన దొరికినట్టే. పస్తుతో నీరసించిన పుట్ట తేనెటీగ కుటుంబం చీమలు పట్టిన రెండు రోజుల్లో రాణితో సహా లేచిపోతుంది. పట్టు ఖాళీ కాగానే మైనపు పురుగు చేరుతుంది.

విడదీయటంలో తొందర

జనవరి చివరినుంచి మార్చి దాకా బలమైన కుటుంబం గుంపుగా విడిపోవాలని చూస్తుంది. పట్టు కింది అంచున వేరుశనగ కాయలా వేలాడే రాణి గదులు దీనికి గుర్తు. గుంపు లేచిపోకముందే పెంపకందారే కుటుంబాన్ని రెండు చేసుకుంటే పెట్టె ఒకటి మిగులుతుంది. ఇక్కడే వాతావరణం వేలు పెడుతుంది. కొత్త రాణి పుట్టిన కొద్ది రోజులకు ఆకాశంలోకి లేచి పోతుటీగలతో జతకట్టి రావాలి. దానికి గాలి లేని, ఎండ కాసే మధ్యాహ్నం కావాలి. ముసురు వారం పట్టితే రాణి గడప దాటదు. మూడు నాలుగు వారాలు అలాగే గడిచిపోతే ఇక జతకట్టే సామర్థ్యమే పోయి, పోతుగుడ్లు తప్ప పెట్టలేని రాణి మిగులుతుంది. ఆ పెట్టెలో పని చేసే ఈగ ఇక పుట్టదు. అందుకని విడదీసే ముందు పోతుటీగలు ఎగురుతున్నాయా, రాబోయే వారం ఆకాశం ఎలా ఉంది అన్నవి చూడాలి. వాతావరణ శాఖ 2019లో తెచ్చిన మేఘదూత్ యాప్ జిల్లావారీగా అయిదు రోజుల సూచన ఇస్తుంది. ఈ పనికి అది చాలు.

మామిడి తోటలో మందు

తడ నుంచి సత్యవేడు దాకా మామిడి తోటలున్నాయి. మంచు పడే ఏడాది పూతకు బూడిద తెగులు, తేనెమంచు పురుగు రెండూ వస్తాయి. ఆ పురుగు పేరులోనే తేనె ఉంది. పూతరసం పీల్చి జిగురు కారుస్తుంది, ఆకులు జిగటగా మెరుస్తాయి, పూత మాడుతుంది. రైతు మందు కొట్టక తప్పదు. ఇందులో తరచుగా వాడే ఇమిడాక్లోప్రిడ్, థయోమెథాక్సామ్ వంటివి తేనెటీగలకు అతి విషం. పూత మీద పగటిపూట కొడితే ఆ సాయంత్రానికి పెట్టె ముందు ఈగలు గుట్టలుగా పడతాయి. నాలుక చాచి, రెక్కలు విప్పి చచ్చి ఉంటాయి.

ఈ గొడవలో తప్పు రైతుదని తేల్చేయటం సులువు. కాని పూత పోతే అతనికి ఏడాది కష్టం పోయినట్టే. నేరమంతా చెప్పకపోవటంలో ఉంది. మందు పూత విడవక ముందో, విడిచాక అయితే పొద్దు గూకిన తర్వాతో కొట్టి, ముందు రోజే పక్కనున్న పెంపకందారుకు చెబితే చాలు. అతను ఆ రాత్రి గుమ్మాలకు గాలి ఆడే జాలీ బిగించి, పైన తడి గోనెపట్టా కప్పి, మర్నాడు మధ్యాహ్నం దాకా ఈగలను లోపల ఉంచుకుంటాడు. అంతకంటే ఎక్కువ రోజులైతే పెట్టెలను మూడు కిలోమీటర్లకు పైగా దూరం మార్చాలి. దగ్గరికి మారిస్తే ఈగలు పాత చోటికే తిరిగి వచ్చి, లేని పెట్టె చుట్టూ తిరిగి చస్తాయి.

తెగులా, చలా?

ముసురు తర్వాత పిల్లలు చచ్చి ఉంటే అది చలికి చచ్చిందో శాక్‌బ్రూడ్‌తో చచ్చిందో తేల్చుకోవాలి. చలికి చచ్చినవి ఎక్కువగా పిల్లల గుంపు అంచుల్లో, ఒకేసారి చచ్చి ఉంటాయి. ఎండ వచ్చాక ఈగలు వాటిని ఊడ్చేస్తాయి, మళ్లీ రావు. శాక్‌బ్రూడ్‌లో పురుగు నీళ్లు నిండిన సంచిలా అయి, తల పైకెత్తి పడవ ఆకారంలో ఎండుతుంది. ఎండ వచ్చినా వారం వారం కొత్తవి కనిపిస్తూనే ఉంటాయి. దీనికి మందు లేదు. ఆ పెట్టె చట్రాలను ఇంకో పెట్టెలో పెట్టకుండా ఉండటం, రాణిని కొన్ని రోజులు గుడ్లు పెట్టకుండా ఆపటం, తెగులుకు తట్టుకున్న కుటుంబాల నుంచే కొత్త పెట్టెలు చేసుకోవటం – చేయగలిగిందల్లా ఇదే.

తేనె తీయటం, వేసవిలోకి దిగటం

వేప, కానుగ పూతల మీద తేనె పెట్టె నిండుతుంది. చట్రంలో ముప్పాతిక వంతు గదులకు మైనపు మూత పడ్డాకే తేనె తీయాలి. ఆహార భద్రతా ప్రమాణాల ప్రకారం తేనెలో నీరు 20 శాతం మించకూడదు. పులికాట్ గాలిలో తేమ ఎప్పుడూ ఎక్కువే. పైగా పుట్ట తేనెటీగ గుమ్మం దగ్గర తల బయటికి పెట్టి రెక్కలాడిస్తూ బయటి గాలిని లోపలికి నెడుతుంది. ఐరోపా ఈగ తల లోపలికి పెట్టి లోపలి గాలిని బయటికి లాగుతుంది. అందుకే కాబోలు పుట్ట తేనె పలచగా ఉంటుంది. పలచటి తేనె నెల తిరగకముందే పులుస్తుంది. వాన పడిన రెండు మూడు రోజుల దాకా తేనె తీయకుండా ఆగటం మంచిది.

వసంతంలో చేసే తప్పుల్లో పెద్దది ఆఖరి కోతలో జరుగుతుంది. ఏప్రిల్‌లో పై పెట్టె తేనెతో పాటు పిల్లల పెట్టె అంచుల్లోని తేనెను కూడా పిండుకుంటారు. భరణి, కృత్తిక కార్తెల్లో ఎండ మాడ్చేటప్పుడు తడలో చింత, కొబ్బరి తప్ప ఈగకు చెప్పుకోదగ్గ మేత లేదు. తేనె లేని పెట్టె, నీడ లేని పెట్టె రోహిణి దాకా నిలవవు. పిల్లల పెట్టెలో కనీసం రెండు చట్రాల పై భాగపు తేనెను ముట్టుకోకుండా వదిలేయాలి. తాటాకు పందిరి వేసి, మధ్యాహ్నం పై మూత మీద తడి గోనెపట్టా పరచి, దగ్గర్లో వెడల్పు తొట్టిలో గులకరాళ్లు వేసి నీళ్లు పెట్టాలి. ఎండకు మైనం మెత్తబడి పట్టు కుంగితే తేనె కారి, ఆ వాసనకు చీమలు, దోపిడీ ఈగలు అన్నీ ఒకేసారి వస్తాయి.

కేంద్ర ప్రభుత్వం 2020–21లో 500 కోట్ల రూపాయలతో జాతీయ తేనెటీగల పెంపకం, తేనె మిషన్ మొదలుపెట్టింది. ఖాదీ కమిషన్ 2017 నుంచి హనీ మిషన్ కింద పెట్టెలు ఇస్తోంది. పెట్టె ఇచ్చేవారు దొరుకుతారు గాని, మాఘంలో పెట్టె వెనక చెయ్యి పెట్టి బరువు చూడటం నేర్పేవారు తక్కువ. కొత్తగా మొదలుపెట్టేవారు రెండు పెట్టెలతో మొదలుపెట్టండి, అవి జనవరిలో, ముందు పూతంతా ఉండగా తెచ్చుకోండి. మే నెలలో ఎవరైనా చౌకగా ఇస్తామని పిలిస్తే వెళ్లి పెట్టె ఎత్తి చూడండి. తేలిగ్గా లేస్తే వదిలేసి వచ్చేయండి.